గోడ మీద పగులుంది… ఇల్లు కొనాలా, వద్దా?

"అక్కా, రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నాం. లక్ష. నువ్వొకసారి వచ్చి చూసిపో."

పోయిన ఏడాది మే నెలలో గుంటూరు నుంచి మా చెల్లి ఫోన్. 'చూసిపో' అంటే మెచ్చుకుని పొమ్మని. తప్పులు వెతకమని కాదు. అది గొంతులోనే తెలిసిపోయింది. అయినా హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కాను.

ఇల్లు నిజంగానే బాగుంది. ఊరి చివర 200 గజాల స్థలం, తూర్పు ముఖం, రెండు బెడ్‌రూములు, పెరట్లో జామచెట్టు. కట్టి 14 ఏళ్లయింది. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు 70 లక్షలు చెబుతుంటే ఇది 58కే ఇస్తున్నారు. మాస్టారు బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారనీ, అందుకే ఈ తొందరనీ బ్రోకరు చెప్పాడు. మా మరిది అప్పటికే లెక్క వేసేసుకున్నాడు. 46 లక్షలు లోను, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు 40 వేలకు దగ్గరగా ఈఎంఐ. మిగతాది చేతిలో ఉన్నది, అమ్మ గాజులు. రెండేళ్లలో పైన ఒక పోర్షన్ వేసి, సత్తెనపల్లిలో ఉన్న అత్తమామల్ని కిందికి తెచ్చుకోవాలని ప్లాను.

ఇల్లంతా తిరిగాను. వెనక బెడ్‌రూములోకి వెళ్లగానే కొత్త పెయింట్ వాసన. మిగతా గదులకి పాత రంగే ఉంది. ఒక్క గదికే ఎందుకు వేయించినట్టు? కిటికీ తలుపు తీయబోతే రాలేదు. గట్టిగా లాగితే కిర్రుమంటూ వచ్చింది. అప్పుడు కనిపించింది, కిటికీ పై మూల నుంచి శ్లాబు వైపు ఐమూలగా పాకిన ఒక గీత. పుట్టీ నింపి, రంగు వేసి కప్పారు. అయినా ఆ పుట్టీ మధ్యలోంచే మళ్లీ తెరుచుకుంది.

"అది ప్లాస్టరింగ్ పగులు మేడమ్. ఏ ఇంటికైనా ఉంటుంది" అన్నాడు బ్రోకరు.

వెనక నిలబడ్డ మాస్టారు మెల్లగా అన్నారు. "వర్షాకాలంలో ఆ కిటికీ బాగానే పడుతుందమ్మా. అప్పుడు బాత్రూం తలుపు పడదు."

బ్రోకరు మొహం చూడాలి అప్పుడు!

ఆ ఒక్క మాటలోనే ఆ ఇంటి జబ్బంతా ఉంది. కాకపోతే అది మాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

నల్లరేగడి తమాషా

అంతకుముందు ఆ ఇంటిని మా వాళ్లు నలుగురైదుగురు చూశారు. ఈశాన్యం పెరిగిందా, వంటగది ఆగ్నేయంలో ఉందా, వీధిపోటు ఉందా అని అందరూ అడిగారు. పునాది ఎంత లోతు, కింద ఏ మట్టి అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు లెండి. తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఒకాయనకి పగులు ఫోటో వాట్సాప్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. "నల్లరేగడా?"

నల్లరేగడి. పత్తికీ మిరపకీ బంగారం లాంటి నేల. ఇంటికి మాత్రం పెద్ద తలనొప్పి. ఆ బంకమట్టిలో నీళ్లు పీల్చుకుని ఉబ్బే ఖనిజం ఉంటుంది. వానలు పడితే ఉబ్బుతుంది, ఎండలు ముదిరితే కుంచించుకుపోతుంది. మే నెలలో పొలాల్లో నెర్రెలు విచ్చి, కాలు ఇరుక్కునేంత సందులు పడటం పల్లెల్లో పెరిగిన వాళ్లందరూ చూసిందే. ఇంటి కింద కూడా అదే నేల. పైన టైల్స్ వేశాం కాబట్టి మనకి కనిపించదంతే.

ఇల్లంతా ఒకే తీరుగా లేచి ఒకే తీరుగా దిగితే పెద్ద నష్టం లేదు. ఒక మూల లేచి ఇంకో మూల దిగితేనే గోడ చీలుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. బాత్రూం దగ్గర పైపు లీకైతే అక్కడ మట్టి ఏడాదంతా తడిసి ఉబ్బి ఉంటుంది. గోడ పక్కనే పెద్ద వేపచెట్టు ఉంటే దాని వేళ్లు అక్కడి తడిని పీల్చేసి మట్టిని ఎండగడతాయి. ఒక పక్క తాగించేవాడు, ఇంకో పక్క తాగేవాడు. మధ్యలో నలిగేది గోడ.

దీనికి మందు లేదా అంటే ఉంది, కాకపోతే కట్టేటప్పుడే వేయాలి. మన నల్లరేగడి నేలల్లో సుమారు మూడున్నర మీటర్ల లోతు దాటితే తడి, పొడి మార్పులు పెద్దగా ఉండవు. అందుకే అక్కడిదాకా బోరులా గుంత వేసి, అడుగున ఉల్లిపాయలా ఉబ్బు చేసి కాంక్రీటు నింపే పైల్స్ పద్ధతి ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ దశాబ్దాల కిందటే దీన్ని రూపొందించింది. లేదంటే నల్లమట్టి కొంత లోతు తీసేసి, ఉబ్బని ఎర్రమట్టి గానీ మొరం గానీ గట్టిగా దిమ్మిస కొట్టి, దాని మీద పునాది వేస్తారు. రెండూ ఖర్చే. పైగా మట్టిలో పూడిపోయే ఖర్చు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు మెచ్చుకోరు. అందుకే ఎక్కువ మంది ఎగ్గొట్టేది అక్కడే.

డాలస్‌లో పునాదికి నీళ్లు పోస్తారట!

ఆ వారంలోనే మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ఈ ఇంటి గొడవ చెబితే పగలబడి నవ్వాడు. "మా ఇంటి కింద కూడా మీ గుంటూరు మట్టే చెల్లీ! ఎండాకాలం వస్తే మేం పునాదికి నీళ్లు పోస్తాం."

ముందు వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజమే. టెక్సాస్‌లో డాలస్ ఉన్న ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ అంటారు. పేరులోనే నల్లనేల ఉంది. ఒకప్పుడు అక్కడా పత్తి పండించిన భూములే. ఇప్పుడు అక్కడ తెలుగువాళ్లు బోలెడుమంది ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఎండకి ఇంటి చుట్టూ మట్టి కుంచించుకుపోయి శ్లాబు అంచులు దిగిపోకుండా, చిల్లుల గొట్టం పరిచి సన్నగా నీళ్లు వదులుతారట. మనమేమో నీళ్లు చేరకుండా చూడమంటాం, వాళ్లేమో పోయమంటారు. వినడానికి ఎదురుగా ఉన్నా రెండింటి లెక్కా ఒకటే. తడి అయినా పొడి అయినా ఇంటి చుట్టూ అంతటా ఒకేలా ఉండాలి.

అన్నయ్య చెప్పిన ఇంకో విషయం నాకు మరీ నచ్చింది. టెక్సాస్‌లో ఇల్లు కొనేటప్పుడు కొద్దిపాటి ఫీజు కట్టి 'ఆప్షన్ పీరియడ్' తీసుకుంటారు. ఓ వారం, పది రోజులు. ఆలోపు ఇన్‌స్పెక్టరుతో, కావాలంటే పునాది ఇంజినీరుతో ఇల్లంతా చూపించుకోవచ్చు. నచ్చకపోతే కారణం కూడా చెప్పకుండా తప్పుకోవచ్చు. అమ్మేవాళ్లు తమకు తెలిసిన లోపాలు ఫలానా ఫారంలో రాసివ్వాలని అక్కడ చట్టమే ఉంది.

మన దగ్గర? "రేపు నరసరావుపేట పార్టీ వస్తోంది మేడమ్, ఇవాళే టోకెన్ ఇచ్చేయండి." ఇదీ మన ఆప్షన్ పీరియడ్.

ఏటీఎం కార్డు పట్టుకుని ఇల్లు చూడండి

ఇంజినీరు గారు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోపు నన్ను ఏమేం చూడమన్నారో చెబుతాను. మీకూ పనికొస్తుంది.

పగుళ్లన్నీ ఒకటి కావు. గోడ మీద సాలెగూడులా సన్నగా అల్లుకున్నవి ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చినవి. చూడ్డానికి బాగోదు, అంతే. పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువుగా తిన్నగా వచ్చేది కూడా చాలాసార్లు భయపడాల్సింది కాదు. కాంక్రీటు ఒక తీరున, ఇటుక ఒక తీరున వ్యాకోచిస్తాయి కాబట్టి అతుకు దగ్గర విడిపోతుంది. తలుపు, కిటికీ మూలల నుంచి ఐమూలగా, మెట్లు మెట్లుగా ఇటుకల వెంట పాకే పగులు మాత్రం వేరు. ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా ఉందంటే గోడలో ఒక భాగం కదిలిందని అర్థం. లోపల కనిపించిన పగులు బయట గోడ మీద కూడా అదే చోట ఉందా? ఉంటే అది ప్లాస్టరింగ్ కాదు, గోడే చీలింది. పిల్లరు మీద, బీము మీద పగులుంటే ఇక మీ సొంత తెలివి పక్కన పెట్టి ఇంజినీరుని పిలవండి.

ఇప్పుడు ఏటీఎం కార్డు సంగతి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. పగుల్లో అది దూరకపోతే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక కార్డు దూరి, రెండోది కూడా దూరి, మూడోది కూడా దూరుతుంటే ఆగి ఆలోచించాలి. బ్రిటన్‌లో ఇంజినీర్లు వాడే ఒక పట్టిక ప్రకారం 5 మిల్లీమీటర్ల లోపు పగులుని చిన్న మరమ్మతుగానే లెక్కేస్తారు. 15 దాటితే గోడలో కొంత భాగం విప్పి మళ్లీ కట్టాల్సిన పరిస్థితి. మా చెల్లి చూసిన ఇంట్లో వెడల్పు చివర నాలుగు కార్డులు దూరాయి. అంటే 3 మిల్లీమీటర్ల పైమాటే. అటూ ఇటూ కాని లెక్క. అసలు చిక్కంతా ఇలాంటి వాటితోనే.

పిల్లల గోలీ ఒకటి జేబులో వేసుకెళ్లండి. గది మధ్యలో నేల మీద పెడితే ఏ పక్కకి ఎంత జోరుగా దొర్లుతుందో చూడండి. కాకపోతే బాత్రూం, వరండాల్లో వాటం కోసం కావాలనే వాలు ఇస్తారు, అక్కడ చూసి కంగారు పడొద్దు. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, గుమ్మాల మీద పెట్టి చూడండి. ముందరి మెట్లు ఇంటి గోడ నుంచి విడిపోయాయా? ఇంటి చుట్టూ వేసిన సిమెంటు చప్టా గోడకి దూరం జరిగిందా? ప్రహరీ ఒరిగితే మాత్రం దాన్ని చూసి ఇల్లు కూడా ఒరిగిందనుకోవద్దు. దాని పునాది వేరు, లోతు తక్కువ. నేల గుణం చెప్పే సాక్షిగా మాత్రం పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, పక్కింటివాళ్లతో మాట్లాడండి. కొనబోయే ఇంటి ఓనరు చెప్పనిది వాళ్లు కాఫీ ఇచ్చి మరీ చెబుతారు. "మా ఇంట్లో కూడా అంతేనండీ, రెండుసార్లు తలుపులు చెక్కించాం" అంది పక్కింటావిడ. ఆ మాటతో మట్టి పరీక్ష సగం అయిపోయింది.

హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాళ్ల బాధ కొంచెం వేరు. అక్కడ చాలాచోట్ల కింద రాయి ఉంటుంది, నల్లరేగడి భయం తక్కువ. కానీ చెరువు శిఖం పూడ్చి పోసిన మట్టి మీద కట్టిన ఇల్లు దిగిపోవచ్చు. అది ఎఫ్‌టీఎల్‌లోనో బఫర్ జోన్‌లోనో ఉంటే పగులు కంటే ముందు నోటీసే రావచ్చు. పక్క ప్లాటులో ఏం జరుగుతోందో కూడా చూడాలి. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్కన పునాది గుంత తవ్వుతుంటే ఇరుకు జాగాలోని బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. జనాన్ని ఖాళీ చేయించి కూల్చేయాల్సి వచ్చింది.

గుంత తవ్వాక తేలింది

ఇంజినీరు గారు వచ్చి ఇల్లంతా ఓ గంట తిరిగి, చివరికి మాస్టారిని ఒకటే అడిగారు. "సార్, వెనక పిల్లరు పక్కన ఓ గుంత తవ్వనిస్తారా?"

చాలామంది ఓనర్లు ఈ మాటకే ఇంతెత్తున లేస్తారు. మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఇల్లు ఆయన పీఎఫ్ డబ్బులతో కట్టుకున్నది. కట్టేటప్పుడు బడి నుంచి వచ్చాక రోజూ సాయంత్రం తనే నీళ్లు కొట్టేవారట. తర్వాత అన్నారు, "తవ్వండి. లెక్కల మాస్టారిని. కొలవకుండా జవాబు రాయమనను."

గుంత తవ్వితే నాలుగున్నర అడుగుల దగ్గర ఫుటింగ్ తగిలింది. దాని కింద ఇంకా నల్లమట్టే. ఇసుక పరుపు లేదు, మొరం లేదు. బాత్రూం వైపు తవ్వితే మట్టి బురదలా ఉంది. ట్రాప్ దగ్గర పైపు అతుకు లీకవుతోంది, ఎన్నేళ్ల నుంచో.

ఆ మట్టిని ల్యాబ్‌కి పంపారు. అక్కడ చేసే పరీక్ష ఒకటి వింటే మీరే ఇంట్లో చేసేద్దామనుకుంటారు. జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటికీ తేడా ఎంత శాతమో చూస్తారు. 50 దాటితే ఆలోచించాల్సిందే. ఇక్కడ 90 వచ్చింది.

"ఇంతకీ కొనొచ్చా సార్?" మా మరిది ఆత్రంగా అడిగాడు.

"పగులు ఉందా లేదా అన్నది కాదండీ ప్రశ్న. ఇంకా కదులుతోందా, ఆగిందా? దేనివల్ల కదులుతోంది? ఆ కారణాన్ని మనం ఆపగలమా? ఈ మూడూ తెలియాలి. ఇవాళ చూసి చెప్పేస్తే నేను జ్యోతిష్యుణ్ణి అవుతాను" అన్నారాయన.

పగులుకి అడ్డంగా చిన్న గాజు ముక్కలు రెండు చోట్ల సిమెంటుతో అతికించారు. గోడ కదిలితే గాజు ముందు చిట్లుతుంది. పగులు ఎక్కడిదాకా పాకిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేశారు. 'జూన్ 12'. పక్కన స్కేలు పెట్టి, నెలకోసారి అదే చోట నుంచి ఫోన్‌తో ఫోటో తీయమని మాస్టారికే అప్పజెప్పారు. ఒక్క వానాకాలం చూడాలన్నారు. నిజానికి ఏడాది మొత్తం చూస్తే ఇంకా మంచిదట.

కొనేవాళ్లకి ఇక్కడే ఓపిక పోతుంది. మే నెలలో చూసిన ఇల్లూ ఆగస్టులో చూసిన ఇల్లూ నల్లరేగడి మీద ఒకటి కావు. కానీ మన బేరాలు వారంలో తేలిపోవాలి. బ్రోకరుకి తొందర, బ్యాంకుకి తొందర, మనకీ ముహూర్తం తొందర. మా చెల్లి అయితే నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "నువ్వు వచ్చాకే ఇదంతా" అంది. తప్పు పట్టలేను, ఆ ఇంట్లో పిల్లాడి మంచం ఎక్కడ వేయాలో కూడా కొలిచేసుకుంది పాపం.

చివరికి లక్ష అడ్వాన్స్ మాట మానేసి, 25 వేలు టోకెన్ ఇచ్చి, ఓ కాగితం రాసుకున్నాం. సెప్టెంబరు నెలాఖరుదాకా ఇల్లు వేరేవాళ్లకి అమ్మకూడదు. ఇంజినీరు రిపోర్టు నచ్చకపోతే టోకెన్ వెనక్కి. ఈ ఒక్క షరతు మీరు కూడా రాయించుకోండి. అడిగితే ఒప్పుకునేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

బ్యాంకు లోను ఇచ్చింది కదా!

ఈ మాట మా మరిదే అన్నాడు. "బ్యాంకువాళ్లు ఓకే అన్నారు వదినా. ఇల్లు బాగోకపోతే వాళ్లెందుకిస్తారు?"

బ్యాంకు లాయరు చూసేది కాగితాలు. బ్యాంకు పంపే వేల్యూయర్ చూసేది ప్రధానంగా ధర. ఎవరూ పిల్లరు పక్కన గుంత తవ్వరు. పైగా 30 లక్షల నుంచి 75 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే ఇంటి విలువ కాస్త తగ్గినా ముందు పోయేది మీ 20 శాతమే. గోడ చీలినా ఈఎంఐ చీలదు.

చట్టం సంగతికొస్తే, కొత్త ఫ్లాటు అయితే రెరా ఉంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. కానీ మాస్టారిలాంటి మామూలు మనిషి దగ్గర పాత ఇల్లు కొంటే రెరా పనిచేయదు. అక్కడ దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిస్తే, అడక్కపోయినా చెప్పాలని 55వ సెక్షన్ అంటుంది. వినడానికి బాగుంది. కానీ ఆయనకి తెలుసని కోర్టులో మీరు రుజువు చేయాలి. పుట్టీ కింద పగులు ముందే ఉందని చూపించడానికి మీ దగ్గర ఏముంటుంది? అందుకే చూడ్డానికి వెళ్లిన మొదటి రోజే ఫోటోలు, వీడియోలు తీసి పెట్టుకోండి. రేటు బేరం కూడా వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంటే మంచిది.

ఆగస్టులో ఏమైందంటే

జులైలో మాస్టారు బాత్రూం పైపు మార్పించారు. మేం అడగలేదు, ఆయనే చేయించారు. వానలు బాగా పడ్డాయి. ఆగస్టు మూడో వారంలో ఫోటో వచ్చింది. కిటికీ దగ్గరి గాజు ముక్క చిట్లింది. రెండోది అలాగే ఉంది. పెన్సిలు గీత దాటి పగులు పాకలేదు.

ఇంజినీరు గారు మళ్లీ వచ్చారు. ఆయన మాటల సారం ఇది. లీకు ఆగింది కాబట్టి ఆ మూల నెమ్మదిగా సర్దుకోవచ్చు. చుట్టూ ఐదడుగుల వెడల్పున చప్టా వేసి, డాబా నీళ్లు పైపుల్లో దూరంగా వదిలితే, ఉన్న కింద ఇల్లు చాలాకాలం ఉంటుంది. పగులు మాత్రం వేసవికోసారి పలకరిస్తూనే ఉంటుంది. "కానీ పైన ఇంకో అంతస్తు ఈ ఫుటింగ్స్ మీద వేయొద్దు. నీళ్లని ఆపగలం. లోతుని ఇప్పుడు మార్చలేం."

మార్చడం పూర్తిగా అసాధ్యమేమీ కాదు. ఒక్కో ఫుటింగ్ కింద కొంచెం కొంచెంగా తవ్వి బలపరిచే పద్ధతులున్నాయి. ఒకాయన 4 లక్షలన్నాడు, ఇంకొకాయన 7 అన్నాడు. గ్యారంటీ కాగితం మీద రాసివ్వమంటే ఇద్దరూ చాయ్ తాగి వెళ్లిపోయారు.

ఆ రాత్రి చెల్లి, మరిది, నేను కూర్చుని లెక్క వేశాం. అక్కడ ఖాళీ స్థలం గజం 22 వేలు. 200 గజాలకి 44 లక్షలు. అంటే 58 లక్షల్లో ఇంటికి ఇస్తున్నది 14. మరమ్మతు తీసేస్తే, పైన కట్టలేని లోటు తీసేస్తే, పోనీ 48కి ఇచ్చినా? కింద పోర్షన్‌తో సరిపెట్టుకునే ఇద్దరు మనుషులకి అది మంచి బేరమే. నేనైతే తీసుకోమనే చెబుతాను. స్థలం ధరకి కొంచెం పైన ఇల్లు వచ్చినట్టు. కానీ కింద అత్తమామలు, పైన తాము అన్న ప్లాను మీదే కదా మా వాళ్లు ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. 12 లక్షలు కలిసొచ్చిందనుకున్న ఇంట్లో వాళ్లకి అసలు కావాల్సిన పై అంతస్తు లేదు. ఎప్పటికీ రాదు.

చెల్లి చాలాసేపు ఫోన్‌లో ఆ ఇంటి ఫోటోలు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. "వద్దులే అక్కా" అంది చివరికి. "అమ్మ గాజులు అమ్మకి ఇచ్చేద్దాం."

ఉదయం మా మరిది మాస్టారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆయన రిపోర్టు కాపీ ఒకటి కావాలన్నారు. సాయంత్రానికి ఫోన్‌పేలో 25 వేలూ వెనక్కి వచ్చాయి. ఇంజినీరు ఫీజు, ల్యాబు ఖర్చు కలిపి మా వాళ్లకి పోయింది 14 వేలు.

దసరాకి గుంటూరు వెళ్లినప్పుడు అటువైపు పనుండి ఆ వీధిలోంచే వెళ్లాం. మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు, లోపలికి రమ్మని పట్టుబట్టారు. ఇల్లు ఇంకా అమ్మలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లకి ముందు రిపోర్టు చేతిలో పెడుతున్నారట. బ్రోకరు రావడం మానేశాడు. చప్టా కొత్తగా వేయించారు, వేపచెట్టు కొమ్మలు కొట్టించారు. వెనక గదిలోకి తీసుకెళ్లి గోడ చూపించారు. చిట్లిన గాజు పక్కనే ఇంకో కొత్త గాజు ముక్క అతికించి ఉంది. కింద ఆయన చేత్తోనే తేదీ. చెల్లి దగ్గరికి వెళ్లి వేలితో తడిమి చూసింది. చిట్లలేదు.

"మే నెలదాకా చూడాలమ్మా" అన్నారు మాస్టారు.